అవ్వ నోటి మాట

పన్నెండో వారం

బుధవారం పొద్దున కూడా హన్మవ్వ నోటికి కట్టుకున్న గుడ్డ విప్పలేదు.

పాత తెల్లచీర చింపిన పేలిక అది. పెదవుల మీదుగా తీసి మెడ వెనుక ముడి వేసుకుంది. అన్నం తినాలంటే తలుపు చాటుకు పోతుంది. తిని, మళ్ళీ కట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇదే వరస. దారిన పోయేవాళ్ళు మొదట పంటి నొప్పేమో అనుకున్నారు. దగ్గరికి వచ్చి పలకరించినవాళ్ళు ఆమె కళ్ళు చూసి, పలకరింపు సగంలో మానేసి పోతున్నారు.

"చాయ సల్లారుతున్నదవ్వా. ఇప్పు గది," అన్నాడు సాయిరాం. చిన్నకొడుకు. బోధన్‌లో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతాడు. ఈపాటికి షట్టర్ ఎత్తి ఉండాల్సినవాడు ఇంకా తల్లి కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎన్నొద్దులు గిట్ల? కొడుకు, కోడండ్లు కలిసి ముసలిదాని నోరు గట్టిండ్రని ఎడపల్లి అంత గుప్పుమన్నది. నాకు ఊర్లె తలెత్త బుద్ధయితలేదు."

హన్మవ్వ కొడుకు వైపు చూడలేదు. గడపలో టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడ్డ చిన్నకోడలు స్నేహలత వైపు చూసింది. నాలుగు రోజులుగా ఆ చూపు ఒక్క తీరే ఉంది. తిట్టినా బాగుండును అనుకుంది స్నేహలత. తిట్టే అత్తను ఎంతమంది కోడళ్ళు నెట్టుకురావడం లేదు? ఈ చూపును మాత్రం ఎటు తిరిగి నిలబడి తట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు.

"పేజీల నుంచి గా మాట తీసెయ్ స్నేహా," అన్నాడు సాయిరాం. "అవ్వ నిమ్మలమైతది."

"నా చేతుల ఉన్నదా? నోటీసు కింద పెట్టిన మాట అది. తీస్తే నోటీసు తీసినట్టే. పదిహేను దినాలు మల్ల మొదటికెంచి లెక్క పెట్టాలె."

"పెట్టనియ్. ఏం కొంప మునుగుతది?"

"నా కొంప మునుగుతది," అంది పెరట్లోంచి వచ్చిన భాగ్యలక్ష్మి.

ఆమె పెద్దకోడలు. చేతులకు పసుపు చేను మట్టి ఇంకా ఆరలేదు. నలభై కూడా నిండని మనిషి, యాభై దాటినట్టు నడుస్తుంది. కడుక్కోకుండానే చేతులు నడుము మీద పెట్టుకొని మరిది ఎదురుగా నిలబడింది.

"రెండు దినాలల్ల అయిపోయే పనిని మల్ల మొదటికి తెమ్మంటవా సాయిరాం?"

"వదినా, నీకు భూమి ఎక్కువనా, అవ్వ ఎక్కువనా?"

"మంచిగడిగినవు. ఏడేండ్ల సంది దున్నిచ్చింది నేను. కలుపు తీసింది నేను. పసుపు ఉడకబెట్టి ఎండబోసింది నేను. విత్తనానికి పోతే పాసుబుక్కు ఎవరిదంటరు. కరెంటోళ్ల కాడికి పోతే ఆయనేడంటరు. ఏడికి పోయినా గదే సవాలు. ఆయనేడి? ఎరుకుంటే చెప్పనా నేను?"

అరుగు మీద హన్మవ్వ లేచి, ఎవరి మొహమూ చూడకుండా తలుపు చాటుకు పోయింది. చాయ గ్లాసు అక్కడే ఉండిపోయింది.

స్నేహలత బస్సుకు పరుగెత్తింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా.

తప్పు తనదే. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

నిజామాబాద్‌లో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. జిల్లా వెబ్‌సైటులో 'కొత్త సంగతులు' అని ఒక పేజీ ఉంది. పై నుంచి దిగే నోటీసులన్నీ అందులో పెడతారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా పదహారు వరుసలు పరుగెత్తే నోటీసులు. రాసినవాడికి కూడా రెండోసారి చదివితే అర్థం కానివి. వాటి కింద, ఇది ఎవరికి, ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా అన్నది రెండు మూడు వాక్యాల్లో విడమరిచి రాయడం స్నేహలత పని. ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది. చదువురాని ముసలమ్మకు చదివి వినిపించినా అర్థమవుతుందని సార్లు మెచ్చుకుంటారు.

అర్థమవుతుంది మరి. ఆ మాటలు చదువురాని ముసలమ్మవే.

సాయంత్రం ఇంటికి వచ్చి, చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న హన్మవ్వ పక్కన కూర్చుని నోటీసు చదివి చెప్పేది. "అంటే గిట్లనా?" అని హన్మవ్వ దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పేది. చెప్పినదాన్ని స్నేహలత కాస్త సర్దిపెట్టి మర్నాడు పేజీలోకి ఎక్కించేది. అత్త మాట జిల్లా అంతా చదువుతున్నదని ఇంట్లో నలుగురే నవ్వుకునేవాళ్ళు. బయట ఒక్కరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందేమోనని స్నేహలత భయం.

రెండు వారాల కింద వచ్చిన పదకొండు నోటీసుల్లో ఒకటి రాజమల్లుది. హన్మవ్వ పెద్దకొడుకు. ఏడేళ్ళ కింద చేపలు తెస్తానని పోచంపాడ్ పోయాడు. చేపలమ్మే చోట బండి దొరికింది, హ్యాండిల్‌కు సంచి దొరికింది, మనిషి దొరకలేదు. గోదావరిలో వలలు వేశారు, నాందేడ్ దాకా వెతికారు. ఇప్పుడు అతన్ని పోయినట్టే లెక్కించమని కోర్టు కాయితం వచ్చింది. భూమి భార్య పేరున మార్చడానికి పదిహేను రోజుల నోటీసు పడింది. ఈ సంగతి హన్మవ్వకు తెలియనివ్వొద్దని మిగతా ముగ్గురూ అనుకున్నారు.

అనుకున్న మనిషే ఆ సాయంత్రం ఆ నోటీసు కూడా చదివి వినిపించింది. పేరు దాచి, "ఒకాయన" అని చదివింది. ఎందుకు చదివావు అంటే స్నేహలత దగ్గర ఒకటే జవాబు. అత్త నోట పడకుండా ఇంతవరకు ఒక్క మాట కూడా పేజీ ఎక్కలేదు. సొంత ఇంటి నోటీసు ఒక్కటి అర్థం కాకుండా పోతే ఎట్లా అనిపించింది. పనిమీది ప్రేమ మనిషిని ఎంత గుడ్డిదాన్ని చేస్తుందో చూడండి.

హన్మవ్వ చిక్కుడుకాయ తుంచుతూ తిరిగి చెప్పింది. స్నేహలత సర్దింది. పేజీలో ఇట్లా పడింది:

"ఏడేళ్ళుగా పత్తా లేడంటే పోయినట్టే. ఉన్నాడని తెలిసినవాళ్ళు శుక్రవారం సాయంత్రం ఐదు లోపల ఆఫీసుకు వచ్చి చెప్పండి. ఎవరూ రాకపోతే భూమి భార్య పేరున రాస్తారు."

ఆదివారం మీసేవకు పోయిన పక్కింటి దేవవ్వ ఆ పేజీ చదివించుకొని, పేరుతో సహా మోసుకొచ్చింది. హన్మవ్వ విన్నది. తర్వాత స్నేహలతతో అన్నది: "తల్లి నోట పడ్డ మాట ఊకనే పోతదా పిల్లా? నా కొడుకును నా నోటితోనే పోగొట్టిచ్చినవు." అప్పుడు పేలిక చింపి కట్టుకుంది.

*

ఆఫీసులో కూర్చోగానే స్నేహలత ఆ పేజీ తెరిచింది. నిన్నటి నుంచి దాన్ని తెరవాలంటే ఆమెకు భయంగా ఉంది.

ప్రతి సంగతి కింద "అర్థమైందా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. అయిందనో కాలేదనో నొక్కాలి. కాలేదంటే ఎందుకో రాయడానికి చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మంగళవారం పన్నెండూ నలభైకి రాజమల్లు నోటీసు కింద ఎవరో 'కాలేదు' నొక్కారు. పెట్టెలో ఇట్లా ఉంది:

"చదివిన. అర్థం కాలె. నేను ఏడికి పోయిన్నని?"

ఎవడో ఆకతాయి అనుకుంది. ఇంట్లో చెప్పలేదు.

ఈ రోజు భోజనాల వేళకు ఆఫీసు ఖాళీ అయింది. అందరూ డబ్బాలు పట్టుకొని కిందికి పోయారు. కిటికీ బయట ఎండ తెల్లగా ఉంది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగింది, కరెంటు పోయిందనుకుంది. కంప్యూటరు మాత్రం వెలుగుతూనే ఉంది. కింద మూలన పన్నెండూ నలభై అని చూసింది. చూస్తుండగానే కొత్త మాట పడింది.

"గిది అవ్వ మాట. గొంతు గుర్తువట్టిన."

స్నేహలత కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది.

"ఏమ్మా, అన్నం తినలేదా?" అంటూ చక్రవర్తి వచ్చాడు. ఆ విభాగం పెద్దసారు. భూముల నోటీసుల మీద అభ్యంతరాలు తీసుకునేదీ ఆయనే. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి బోధన్ కాలువ భూములకు వచ్చిన కుటుంబం. ఇక్కడే పుట్టినా మాట మాత్రం తాతలదే.

"సార్, ఈ పెట్టెల రాసిందెవరో తెలుసుకోవచ్చా?"

"దానికేముంది? ఫోన్ నంబరు కొడితేనే ఆ పెట్టె తెరుచుకుంటుంది. పక్కనే చూపిస్తుంది కదా."

ఆయన కళ్ళజోడు సర్దుకొని ముందుకు వంగాడు. నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నిన్నటిదాని పక్కన కూడా లేదు. మిగతా నోటీసుల కింద వచ్చినవాటన్నిటికీ పది అంకెలూ ఉన్నాయి.

"అదేంటి, నంబరు లేకుండా తీసుకోదే! పేజీ నడిపే హైదరాబాదు వాళ్ళను అడుగుతానుండండి," అన్నాడు. అడిగాడు కూడా. ఫోన్ పెట్టేసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమన్నారు సార్?"

"వాళ్ళ వైపు చూస్తే ఈ నోటీసు కింద ఏ మాటా రాలేదటమ్మా. మనకు కనిపిస్తున్నదేంటో వాళ్ళకు తెలియదట." తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇంతకీ ఈ రాజమల్లు మీకేమవుతాడు?"

స్నేహలత తల వంచుకొని చెప్పింది. బావగారు. చక్రవర్తి కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. "ముందే చెప్పాల్సింది. సరే, పెట్టెలో పడ్డ మాట అభ్యంతరం కిందికి రాదు. మనిషి రావాలి, కాయితం ఇవ్వాలి. ఎవరూ రాకపోతే శుక్రవారం ఐదింటికి అయిపోతుంది," అన్నాడు. పోతూ పోతూ కంప్యూటరు వైపు ఒకసారి వెనుదిరిగి చూశాడు.

*

సాయంత్రం ఎండ ఉండగానే ఇల్లు చేరింది. వంటింట్లో సాయిరాంకు, భాగ్యలక్ష్మికి రెండు మాటలూ కాయితం మీద రాసి చూపించింది. హన్మవ్వ అరుగు మీద ఉంది కాబట్టి గొంతులు తగ్గించి కొట్లాడుకున్నారు. తగ్గించిన గొంతుతో కొట్లాట ఇంకా చెడ్డది.

"అవ్వ మాటలని ఎవరికెరుక? మన నలుగురికే," అంది భాగ్యలక్ష్మి. "అత్తకు రాయరాదు. నాకు ఫోన్ల తెలుగు కొట్టుడు రాదు. ఇగ ఉన్నది మీరిద్దరే."

"అంటే? నేను రాసిన్నంటవా?" సాయిరాం మొహం ఎర్రబడింది.

"భూమి నా పేరు మీదికొస్తే నీకేమన్న బాధున్నదేమో. నాకేమెరుక?"

"వదినా! మాట జర చూసి మాట్లాడు. ఏడేండ్ల సంది ఒక్క గజం అడిగిన్నా? అన్న బండిని ఇప్పటికీ తుడిచి షెడ్డుల పెడుతున్న. గా అన్న పేరు మీద నేను దొంగరాతలు రాస్తనా?"

"మరి ఎవలు రాసిండ్రు?"

"స్నేహనే అడుగు. పేజీ ఆమె చేతులనే ఉన్నదాయె."

స్నేహలత మొగుడి వైపు చూసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన ఆమెను ఇట్లా అనుమానించడం ఇదే మొదలు. "నేనెందుకు రాస్త? నాకేమొస్తది?"

"అవ్వ దగ్గర మంచిగయ్యెటందుకు. తప్పు చేస్తివి గద, దాన్ని కప్పిపెట్టుకునెటందుకు."

పొయ్యి మీద పప్పు అడుగంటింది. ముగ్గురికీ వాసన వచ్చింది, ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ఎవరూ దించలేదు.

ఇంటి మనుషుల్లో దొంగను వెతుకుతున్నంతసేపూ ముగ్గురికీ ఒక విధంగా ధైర్యంగానే ఉంది. ఇంట్లో ఎవరూ కాదని తేలితే ఏమిటన్నది అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

*

గురువారం స్నేహలత భోజనానికి కిందికి పోయింది. కావాలనే పోయింది. నలుగురిలో కూర్చుని పులిహోర తిన్నది, నవ్వుతూ మాట్లాడింది. ఒంటిగంటకు పైకి వచ్చేసరికి మాట వచ్చి ఉంది. సమయం పన్నెండూ నలభై.

"భాగ్యకు చెప్పుండ్రి. తూర్పు మడిల నీళ్లు నిలిచినయి. పసుపు దుంప కుళ్లుతది."

వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, యాడున్నవు?"

"ఇంట్లనే. అత్తకు జర ఒళ్లు వెచ్చగున్నదని పొద్దుగాల్ల పోలే. ఏమైంది?"

"తూర్పు మడిల నీళ్లు నిలిచినయా?"

"నీకెవరు చెప్పిండ్రు?" అంది భాగ్యలక్ష్మి. "నిన్న మూడింటికి సూసిన. కాలువ గట్టు కాడ ఊరుతున్నది. గండి కొట్టి తీద్దామంటే పార చేతుల లేకుండె. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలే. లొల్లిల మర్శిపోయిన."

స్నేహలత చదివి వినిపించింది. భాగ్యలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

ఐదింటి బస్సుకు స్నేహలత ఎడపల్లిలో దిగేసరికి భాగ్యలక్ష్మి చేను నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. పార పట్టుకొని ఉంది, దానికి మాత్రం మట్టి అంటలేదు. సాయిరాం షెడ్డు మూసి ముందే వచ్చేశాడు.

"నీళ్లు పోయినయి," అంది భాగ్యలక్ష్మి.

"ఎట్ల?"

"నేను పొయ్యేసరికి గండి కొట్టి ఉన్నది. మూరెడు. నీళ్లన్ని కాల్వలవడి పోతున్నయి. అప్పుడప్పుడే కొట్టినట్టు మట్టి తడితడిగ ఉన్నది."

"పక్క చేను హన్మండ్లు కొట్టిండొచ్చు. మొన్న గూడ మన మోటరు బందు చేసిండు గద," అన్నాడు సాయిరాం.

"హన్మండ్లు భీమ్‌గల్ పోయి మూడొద్దులాయె." ఆమె పారను గోడకు ఆనించబోయింది. అది జారి కిందపడింది. "గది గాదు సాయిరాం. గట్టు పొడుగునా మెత్తటి బురద. కొంగ నడిచినా కనవడతది. మొత్తం సూసిన. అటు సూసిన, ఇటు సూసిన. నా అడుగులే ఉన్నయి. గండి ఉన్నది. అడుగు లేదు."

సాయిరాం ఏదో అనబోయాడు. వెనుక నుంచి మాట వినిపించి ముగ్గురూ తిరిగారు.

"ఎన్ని గంటలకు?"

హన్మవ్వ. పేలిక విప్పి చేతిలో పట్టుకుంది. ఐదు రోజులు మూతపడ్డ గొంతు గరుకుగా, ఎవరిదో లాగా ఉంది. పెదవుల పక్కన గుడ్డ ఒరుసుకున్న గీతలు.

"ఏమవ్వా?"

"గా రాతలు. ఎన్ని గంటలకు వస్తున్నయి?"

దాచామనుకున్నది ఆమె దగ్గర దాగలేదన్నమాట. స్నేహలత ఎదురుగా కూర్చుంది. "పన్నెండూ నలభైకి అత్తమ్మా. మూడొద్దుల సంది."

"మిట్టమజ్జానం," అంది హన్మవ్వ. "సదువు."

స్నేహలత మూడూ చదివింది. 'గొంతు గుర్తువట్టిన' అన్న చోట ఆగింది. మళ్ళీ చదివింది. హన్మవ్వ కళ్ళు మూసుకొని విన్నది. అలవాటు కొద్దీ ఆమె తిరిగి చెబుతుందని స్నేహలత ఎదురుచూసింది. హన్మవ్వ చెప్పలేదు.

"రేపు నన్ను ఆఫీసుకు తోల్కపో," అంది.

అందరికీ అర్థమైంది. ముసలామె పోయి నా కొడుకు ఉన్నాడని చెబుతుంది. కన్నతల్లి నోటితో చెప్పాక ఏ కాయితం నిలబడుతుంది? ఏడేళ్ళ చాకిరీ, కోర్టు చుట్టూ తిరిగిన తిరుగుడు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి.

"నేను గూడ వస్త," అంది భాగ్యలక్ష్మి. గొంతులో కోపం లేదు. అదే స్నేహలతకు కొత్తగా అనిపించింది.

*

శుక్రవారం పన్నెండూ నలభైకి ఏమీ రాలేదు.

స్నేహలత కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. ఒంటిగంట అయింది. రెండయింది. రాకూడదని మూడు రోజులు మొక్కుకున్న మనిషికి, రాకపోయేసరికి గుండెల్లో ఇంకా భారమైంది. చెప్పాల్సినదంతా చెప్పేసి, ఇక మీ ఇష్టం అని ఎవరో పక్కకు జరిగినట్టుంది. ఆ ఎవరో ఎంత దూరం జరిగారో తెలియదు. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది.

నాలుగున్నరకు సాయిరాం ఇద్దరినీ తీసుకొచ్చి దింపి, బండి పెట్టడానికి పోయాడు. హన్మవ్వ పెట్టెలో దాచుకున్న పచ్చచీర కట్టుకుంది. భాగ్యలక్ష్మి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడిచిన కాయితం. పట్టా కోసం ఆధార్ జిరాక్సు కాబోలనుకుంది స్నేహలత.

చక్రవర్తి లేచి హన్మవ్వకు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, మీరు రాజమల్లు తల్లిగారు. ఆయన భూమిని మీ కోడలి పేరున రాయబోతున్నాం. దానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?"

స్నేహలత చేతులు ఒళ్ళో బిగించుకుంది.

"లేదు," అంది హన్మవ్వ.

"అత్తమ్మా!"

"లేదు సారూ. రాసియ్యుండ్రి. నా కొడుకు లేడు." ఆమె ఏడవడం లేదు. మాట ఒక్కొక్కటే తీసి ముందు పెడుతున్నది. "నా నోటి మాటకు పోయిండేమోనని నోరు గట్టుకున్న. గది గాదు. ఎప్పుడో పోయిండు. అడుగు పడనోడు మనిషెట్లయితడు? నిన్న చేన్లకొచ్చిండు, అడుగు పడలే. గంతకంటె నాకేం సాక్ష్యం గావాలె? పోయిన గూడ పెండ్లాం చేను ఇడిసిపెట్టలే. ఆయన మనసుల ఉన్నది గదే. ఆమెకే రాసియ్యుండ్రి."

స్నేహలతకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఐదు రోజుల బరువు ఒక్కసారి దిగిపోయినట్టుంది. చక్రవర్తి గడియారం చూశాడు. ఐదుకు పన్నెండు నిమిషాలు.

"అయితే ఇంకెవరికీ లేనట్టే కదా?" అంటూ నోటీసు ఫైలు మూయబోయాడు.

"నాకున్నది," అంది భాగ్యలక్ష్మి.

కవరులోంచి కాయితం తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున మీసేవ దగ్గర రాయించుకున్నది. కింద వంకరటింకర సంతకం. నా భర్త ఉన్నాడని నాకు తెలుసు, భూమి నా పేరున రాయవద్దు అని ఉంది.

"నువ్వేనా అక్కా?" అంది స్నేహలత. "రెండు దినాల కింద నువ్వేమన్నవు?"

"అన్న. అప్పటికి ఆయన రాలే."

"పిచ్చిదానివా?" హన్మవ్వ కోడలి రెక్క పట్టుకుంది. "సచ్చినోని కోసం చేను పోగొట్టుకుంటవా? ఇయ్యాల ఇడిస్తె మల్ల ఎన్నేండ్లు తిరగాలె? తీసుకో. నేను చెప్తున్న, తీసుకో."

"నువ్వే అంటివి గద అత్తా, చేను సూస్తున్నడని. సూసే మనిషిని లేడని నేనెట్ల రాయించుకోవాలె?"

"అడుగు లేదు బిడ్డా! నువ్వే సూసినవు."

"అడుగు లేకుంటె లేకపాయె. ఏడేండ్లు ఒక్కదాన్నే చేసుకున్న. వాన కొడితె ఒక్కదాన్నే, ఎండ కొడితె ఒక్కదాన్నే. నిన్న ఒక్కనాడు నాకు తోడొచ్చిండు." భాగ్యలక్ష్మి కాయితం మీద చెయ్యి పెట్టింది. "ఇయ్యాల భూమి నా పేరు మీద పడితే, ఇగ ఆయనకు గా చేన్ల పనేమున్నది? మల్ల ఎందుకొస్తడు?"

చక్రవర్తి కాయితం వైపు చెయ్యి చాచాడు. అంతకు ముందే హన్మవ్వ దాన్ని పట్టుకుంది. ఇటువైపు కొస భాగ్యలక్ష్మి పట్టుకుంది.

"ఇడువు," అంది అత్త.

"నువ్వే ఇడువు," అంది కోడలు.

గడియారంలో ఐదుకు నాలుగు నిమిషాలు. కాయితం మధ్యలో చిన్నగా చిరిగిన చప్పుడు అయింది.

"ఎవరో ఒకరు వదలండమ్మా," అన్నాడు చక్రవర్తి.

ఎవరూ వదల్లేదు.